నెట్‌వర్క్ స్విచ్‌లో క్యూఓఎస్ పాలసీలు: మార్కింగ్ నుంచి క్యూల దాకా

స్పీడ్ టెస్ట్ చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది. కానీ బ్యాకప్ మొదలైన నిమిషంలోనే ఐపీ ఫోన్లలో మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, వీడియో మీటింగ్‌లో మనిషి బొమ్మలా నిలిచిపోతాడు. ఇలాంటప్పుడు చాలామంది ఇంకాస్త పెద్ద ప్లాన్ కొంటారు. రెండు వారాలు బాగుంటుంది, బ్యాకప్ ఆ అదనపు వేగాన్నీ మింగేసి మళ్లీ మొదటికొస్తుంది.

క్యూఓఎస్ (క్వాలిటీ ఆఫ్ సర్వీస్) అంటే ఏ ట్రాఫిక్‌కు ముందు దారి ఇవ్వాలో తేల్చే పద్ధతి. అది బ్యాండ్‌విడ్త్‌ను ఒక్క బిట్ కూడా పెంచదు. లింకు నిండిన క్షణంలో ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు కాసేపు ఆగాలి, ఎవరి ప్యాకెట్ పడిపోయినా నష్టం లేదు అన్నది మనం ముందే తేల్చి స్విచ్‌కు చెబుతాం, అంతే. అందుకే ఈ పనిలో ఎక్కువ భాగం కాగితం మీదే జరగాలి. ఏ పోర్టులో క్యూ (ప్యాకెట్లు వరుసకట్టి ఆగడం) ఏర్పడుతోందో తెలుసుకోకుండా ఆదేశాలు కొట్టడం మొదలుపెడితే, పాలసీ నిక్షేపంగా పనిచేస్తుంది కానీ సమస్య లేని చోట పనిచేస్తుంది.

ఉదాహరణకు ఒక మామూలు భవనాన్ని తీసుకుందాం. రెండు 48 పోర్టుల సిస్కో క్యాటలిస్ట్ 9300 స్విచ్‌ల స్టాక్ (ఒకే స్విచ్‌లా పనిచేసేలా కలిపిన జత). 30 ఐపీ ఫోన్లు, ఒక్కో ఫోన్ వెనక ఒక కంప్యూటర్, 40 సీసీ కెమెరాలు, 6 వైఫై యాక్సెస్ పాయింట్లు. పక్క భవనంలో కెమెరా రికార్డరు, బ్యాకప్ సర్వరు. అక్కడికి 1 జీబీపీఎస్ అప్‌లింక్, అంటే ఆ భవనంలోని స్విచ్‌కు కలిపే లింకు. ఇంటర్నెట్ ప్లాన్ 200 ఎంబీపీఎస్. వేరే కంపెనీ స్విచ్‌లో ఆదేశాల రూపం మారుతుంది కానీ వరుస ఇదే. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో ఇచ్చాం. స్విచ్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఎక్కడైనా అనుమానం వస్తే ఆ పదం తర్వాత ప్రశ్నార్థకం కొడితే స్విచ్చే తర్వాతి మాటలు చూపిస్తుంది.

ముందు ఇది క్యూఓఎస్ సమస్యేనా చూడండి

ముక్కలైన మాటకు కారణం చాలాసార్లు కేబులే. కింది ఆదేశం ఇవ్వండి:

షో ఇంటర్‌ఫేసెస్ కౌంటర్స్ ఎర్రర్స్

ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన ఫ్రేములు) పెరుగుతుంటే కేబులో, కనెక్టరో పాడైంది. లేట్ కొలిజన్లు కనిపిస్తే ఒకవైపు ఫుల్ డ్యూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం), ఇంకోవైపు హాఫ్ డ్యూప్లెక్స్ (ఒకసారికి ఒకటే) ఉందని దాదాపు ఖాయం. ఒకవైపు వేగాన్ని చేత్తో కట్టేసి రెండోవైపు ఆటోలో వదిలితే వచ్చేది ఇదే. ఇవి ఉండగా ఎంత మంచి పాలసీ రాసినా ఫలితం ఉండదు. ముందు వీటిని సరిచేయండి.

తర్వాత అనుమానమున్న పోర్టు మీద లోడ్-ఇంటర్వెల్ 30 అని పెట్టండి. మామూలుగా స్విచ్ చూపించే వేగం ఐదు నిమిషాల సగటు. 30 సెకన్లకు దించితే కాస్త దగ్గరి చిత్రం దొరుకుతుంది. ఇప్పుడు షో ఇంటర్‌ఫేసెస్‌లో టోటల్ అవుట్‌పుట్ డ్రాప్స్ (బయటికి వెళ్లలేక పడిపోయినవి) అంకెను చూడండి. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి, పెరుగుతోందో లేదో గమనించండి. స్విచ్ ఎప్పుడో ఆన్ అయినప్పటినుంచి పోగైన మొత్తాన్ని చూసి కంగారు పడొద్దు.

సగటు వాడకం 15 శాతమే ఉండి డ్రాప్‌లు మాత్రం పెరుగుతుంటాయి. ఇది చాలామందికి అర్థంకాదు. 10 జీబీపీఎస్ వేగంతో వచ్చే డేటా 1 జీబీపీఎస్ పోర్టులోంచి బయటికి వెళ్లాలనుకోండి. సెకనుకు 9 గిగాబిట్లు మిగులు. ఆ పోర్టుకు 100 కిలోబైట్ల బఫర్ (ప్యాకెట్లు ఆగే తాత్కాలిక మెమరీ) దొరికితే అది నిండటానికి పట్టేది సుమారు 89 మైక్రోసెకన్లు. ఆ తర్వాత వచ్చినవన్నీ పడిపోతాయి. ఏ గ్రాఫులోనూ ఈ క్షణం కనబడదు, మైక్రోబర్స్ట్ అనేది దీన్నే. క్యూఓఎస్ పని మొత్తం ఈ క్షణాల్లోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్యాటలిస్ట్ 3850, 9300 వంటి వాటిలో ఈ డ్రాప్ లెక్క ప్యాకెట్లలో కాకుండా బైట్లలో కనిపించడం మామూలు. కోట్లలో అంకె చూసి హడలిపోయే ముందు క్యూఓఎస్ క్యూ-స్టాట్స్-ఫ్రేమ్-కౌంట్ అనే ఆదేశాన్ని గ్లోబల్ కాన్ఫిగరేషన్‌లో ఇవ్వండి. అప్పుడు లెక్క ఫ్రేముల్లోకి మారుతుంది.

ట్రాఫిక్‌ను తరగతులుగా విడదీయడం

ఐపీ హెడర్‌లో డీఎస్‌సీపీ అనే 6 బిట్ల గడి ఉంటుంది, 0 నుంచి 63 దాకా విలువలు. ప్యాకెట్ ఏ తరగతిదో చెప్పే గుర్తు, అంటే మార్కు, ఇదే. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2474 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు) దీన్ని నిర్వచించింది. వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్) ట్యాగులో ఉండే సీఓఎస్ అనే ఇలాంటి గుర్తు 3 బిట్లే, ట్యాగు ఊడితే అదీ పోతుంది. అందుకని వీలున్నంతవరకు డీఎస్‌సీపీ మీదే ఆధారపడండి.

మన భవనానికి ఈ తరగతులు చాలు (ఈఎఫ్, సీఎస్, ఏఎఫ్ అన్నవి డీఎస్‌సీపీ విలువలకు పెట్టిన పేర్లు):

ఫోన్ మాట: ఈఎఫ్, విలువ 46
కాల్ సిగ్నలింగ్ (కాల్ కలపడం, తెంచడం): సీఎస్3, విలువ 24
మీటింగ్ వీడియో: ఏఎఫ్41, విలువ 34
స్క్రీన్ షేరింగ్: ఏఎఫ్21, విలువ 18
సీసీ కెమెరాలు: సీఎస్5, విలువ 40
బ్యాకప్: ఏఎఫ్11, విలువ 10
మిగతా అంతా: 0

సిగ్నలింగ్, కెమెరాల దగ్గర ఒక గందరగోళం ఉంది, ముందే తెలుసుకోవడం మంచిది. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4594 సిగ్నలింగ్‌కు సీఎస్5, ప్రసార వీడియోకు సీఎస్3 అంటుంది. సిస్కో ఈ రెంటినీ తారుమారు చేసి వాడుతుంది. ఏదైనా తప్పు కాదు, కానీ భవనమంతా ఒకటే పద్ధతి ఉండాలి. ఫోన్లు ఒక పద్ధతిలో, స్విచ్‌లు మరో పద్ధతిలో ఉంటే కెమెరాల క్యూలో కాల్ సిగ్నలింగ్ ఇరుక్కుంటుంది. రింగు ఆలస్యంగా మోగడం, కాల్ పెట్టేసినా లైను తెగకపోవడం దీని లక్షణాలు.

పన్నెండు తరగతులు రాయాలని మనసు లాగుతుంది. వద్దు. నెలకోసారి ఎవరో ఒకరు ఈ పాలసీ చదివి అర్థం చేసుకోవాలి. ఆరేడు దాటితే ఏ ప్యాకెట్ ఏ క్యూలో పడుతోందో రాసినవాళ్లకే గుర్తుండదు.

ఇప్పుడు లెక్క. జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్ సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కోదాంట్లో 160 బైట్ల మాట, 40 బైట్ల ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు, ఈథర్నెట్‌కు 18, వీల్యాన్ ట్యాగుకు 4. మొత్తం 222 బైట్లు, అంటే ఒకవైపుకు 88.8 కేబీపీఎస్. 30 ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 2.7 ఎంబీపీఎస్ మించదు. కెమెరాకు 4 ఎంబీపీఎస్ చొప్పున 40 కెమెరాలకు 160 ఎంబీపీఎస్. మాటకు కావాల్సింది ఎంత కొంచెమో చూడండి. దానికి కావాల్సింది వెడల్పు కాదు, సమయానికి దారి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు జీ.114 చెబుతుంది.

ఎవరి మార్కును నమ్మాలి

ప్రతి ప్యాకెట్‌కూ 46 అని పెట్టి పంపడం ఏ కంప్యూటర్‌కైనా చేతనవుతుంది. కాబట్టి నమ్మకానికి ఒక గీత గీయాలి. ఆ గీత వాడకందారుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది, అంటే యాక్సెస్ పోర్టు (ఫోన్, కంప్యూటర్ తగిలే పోర్టు) దగ్గరే.

ఇక్కడ పాత, కొత్త స్విచ్‌ల మధ్య పెద్ద తేడా ఉంది. 2960, 3750 రకాల్లో ఎంఎల్‌ఎస్ క్యూఓఎస్ అనే ఆదేశం ఇచ్చేదాకా క్యూఓఎస్ లేనట్టే, మార్కులు ఎలా వచ్చినవి అలాగే వెళ్తాయి. ఆ ఒక్క ఆదేశం ఇవ్వగానే ఏ పోర్టునూ నమ్మదు, వచ్చిన ప్రతి మార్కునూ 0 చేస్తుంది. పైగా అప్పటిదాకా ఉమ్మడిగా వాడుకున్న బఫర్‌ను నాలుగు క్యూలకు పంచేస్తుంది. మామూలు ట్రాఫిక్ అంతా ఒకే క్యూలో పడుతుంది కాబట్టి దాని వాటా పావు వంతుకు తగ్గి, క్యూఓఎస్ పెట్టాక డ్రాప్‌లు పెరుగుతాయి. ‘క్యూఓఎస్ పెడితే నెట్‌వర్క్ ఇంకా పాడైంది’ అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ఆ స్విచ్‌లలో పోర్టు మీద ఎంఎల్‌ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డీఎస్‌సీపీ, ప్రయారిటీ-క్యూ అవుట్ రెండూ ఇవ్వాలి. ఇంకోటి, వాటిలో 40 నుంచి 47 దాకా ఉన్న డీఎస్‌సీపీలన్నీ మొదటి క్యూకే వెళ్తాయి. సీఎస్5 మార్కున్న కెమెరాలు కూడా మాటతోపాటు ప్రయారిటీ క్యూలోకి దూరిపోతాయన్నమాట. ఏ డీఎస్‌సీపీ ఏ క్యూకు వెళ్లాలో చెప్పే మ్యాపు మార్చండి, లేదా కెమెరాలకు వేరే విలువ ఇవ్వండి.

9300లో కథ తిరగబడింది. క్యూఓఎస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, వైరు పోర్టులన్నీ వచ్చిన మార్కును నమ్ముతాయి. ఇక్కడ ప్రమాదం నమ్మకపోవడం వల్ల రాదు, అందర్నీ నమ్మేయడం వల్ల వస్తుంది.

లోపలికి వచ్చేటప్పుడు: మార్కింగ్

ఫోన్ల వాయిస్ వీల్యాన్ సబ్‌నెట్ (వాటి ఐపీ చిరునామాల గుంపు) 10.10.20.0 అనుకుందాం. ఆ సబ్‌నెట్ నుంచి వచ్చి, ఈఎఫ్ మార్కు ఉన్నదాన్నే మాటగా ఒప్పుకుంటాం. కంప్యూటర్లలో టీమ్స్ వాడుతుంటే మైక్రోసాఫ్ట్ సూచించే సోర్స్ పోర్టులు (స్విచ్ మీది పోర్టులు కావు, యాప్ వాడే నంబర్లు) ఆడియోకు 50000 నుంచి 50019, వీడియోకు 50020 నుంచి 50039, స్క్రీన్ షేరింగ్‌కు 50040 నుంచి 50059. టీమ్స్ అడ్మిన్ సెంటర్‌లో ఈ పోర్టుల రేంజి ఆన్ చేస్తేనే యాప్ వీటిని వాడుతుంది, అది మరిచిపోతే కింది ఏసీఎల్ జాబితాల్లో (ఏ ప్యాకెట్లు సరిపోతాయో చెప్పేవి) టీమ్స్‌వి దాదాపు ఏమీ పట్టవు.

ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్-ఫోన్
 పర్మిట్ యూడీపీ 10.10.20.0 0.0.0.255 ఎనీ డీఎస్‌సీపీ ఈఎఫ్
ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్-సిగ్నల్
 పర్మిట్ యూడీపీ 10.10.20.0 0.0.0.255 ఎనీ ఈక్యూ 5060
 పర్మిట్ టీసీపీ 10.10.20.0 0.0.0.255 ఎనీ రేంజ్ 5060 5061
ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్-ఆడియో
 పర్మిట్ యూడీపీ ఎనీ రేంజ్ 50000 50019 ఎనీ
ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్-వీడియో
 పర్మిట్ యూడీపీ ఎనీ రేంజ్ 50020 50039 ఎనీ
ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్-షేర్
 పర్మిట్ యూడీపీ ఎనీ రేంజ్ 50040 50059 ఎనీ
ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్-బ్యాకప్
 పర్మిట్ ఐపీ ఎనీ హోస్ట్ 10.10.5.20

ఒక్కో జాబితాకు ఒక్కో క్లాస్-మ్యాప్:

క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఎనీ ఇన్-ఫోన్
 మ్యాచ్ యాక్సెస్-గ్రూప్ నేమ్ ఏసీఎల్-ఫోన్

మిగతావీ ఇదే పద్ధతిలో రాయండి. మ్యాచ్-ఎనీ, మ్యాచ్-ఆల్ తేడా మాత్రం జాగ్రత్త. మ్యాచ్-ఆల్ కింద డీఎస్‌సీపీ 46 ఒక వరుసలో, డీఎస్‌సీపీ 34 ఇంకో వరుసలో రాస్తే రెండు విలువలూ ఒకేసారి ఉన్న ప్యాకెట్ కావాలని అర్థం. అలాంటి ప్యాకెట్ ఉండదు, స్విచ్ తప్పని కూడా చెప్పదు. కౌంటరు సున్నా దగ్గరే నిలిచిపోతుంది.

ఇక పాలసీ (పోలీస్ అంటే సీఐఆర్ అనే రేటును, బీసీ అనే బర్స్ట్‌ను, అంటే ఒక్కసారిగా వచ్చే డేటా హద్దును, దాటిన ప్యాకెట్లను పడేయడం):

పాలసీ-మ్యాప్ ఇన్-డెస్క్
 క్లాస్ ఇన్-ఫోన్
  సెట్ డీఎస్‌సీపీ ఈఎఫ్
  పోలీస్ సీఐఆర్ 128000 బీసీ 8000 కన్ఫార్మ్-యాక్షన్ ట్రాన్స్‌మిట్ ఎక్సీడ్-యాక్షన్ డ్రాప్
 క్లాస్ ఇన్-ఆడియో
  సెట్ డీఎస్‌సీపీ ఈఎఫ్
  పోలీస్ సీఐఆర్ 256000 బీసీ 8000 కన్ఫార్మ్-యాక్షన్ ట్రాన్స్‌మిట్ ఎక్సీడ్-యాక్షన్ డ్రాప్
 క్లాస్ ఇన్-సిగ్నల్
  సెట్ డీఎస్‌సీపీ సీఎస్3
 క్లాస్ ఇన్-వీడియో
  సెట్ డీఎస్‌సీపీ ఏఎఫ్41
 క్లాస్ ఇన్-షేర్
  సెట్ డీఎస్‌సీపీ ఏఎఫ్21
 క్లాస్ ఇన్-బ్యాకప్
  సెట్ డీఎస్‌సీపీ ఏఎఫ్11
 క్లాస్ క్లాస్-డిఫాల్ట్
  సెట్ డీఎస్‌సీపీ డిఫాల్ట్

పాలసీ పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన తరగతే ఖాయం. చివరి రెండు వరుసలే ఈ పాలసీకి ప్రాణం. అవి లేకపోతే పేరుకు మార్కింగ్ ఉన్నా, ఏ కంప్యూటరైనా తనకు తాను 46 పెట్టుకుని దర్జాగా వెళ్లిపోతుంది.

ఒక కాల్‌కు 88.8 కేబీపీఎస్ అని తేలింది కాబట్టి ఫోన్‌కు 128 చాలు. కానీ ఆ ఫోన్‌లో కాన్ఫరెన్స్ పెట్టి మరో ఇద్దరితో మాట్లాడేవాళ్లుంటే ఫోనే రెండు స్ట్రీములు పంపుతుంది, 177.6 అవుతుంది. అలాంటి టేబుళ్లకు 256000 పెట్టండి. మాటను పోలీస్ చేసేటప్పుడు బొటాబొటిగా పెడితే దెబ్బ తగిలేది అసలు కాపాడాలనుకున్నదానికే.

బ్యాకప్‌ను పోలీస్ చేయలేదు, కావాలనే. టీసీపీ (పడిపోయిన ప్యాకెట్లను మళ్లీ పంపే పద్ధతి) మీద చిన్న బర్స్ట్‌తో పోలీసర్ పెడితే ప్యాకెట్లు గుంపుగా పడిపోయి వేగం నిర్ణయించిన రేటులో సగానికి కూడా చేరదు. తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే బర్స్ట్‌ను రౌండ్ ట్రిప్ సమయంతో (ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం) లెక్కేయండి. 20 ఎంబీపీఎస్, 100 మిల్లీసెకన్లు అయితే 20,000,000 ను 0.1 తో హెచ్చించి 8 తో భాగించాలి, 2,50,000 బైట్లు వస్తుంది. బ్యాకప్‌కు అసలు అడ్డు అవసరం లేదు. లింకు ఖాళీగా ఉంటే మొత్తం వాడుకోనివ్వండి, నిండినప్పుడు వెనక్కి తగ్గేలా క్యూ చూసుకుంటుంది.

కెమెరా పోర్టులకు వేరే చిన్న పాలసీ, ఇన్-కెమెరా: క్లాస్-డిఫాల్ట్ కింద సెట్ డీఎస్‌సీపీ సీఎస్5, అంతే. సగటు 4 ఎంబీపీఎస్ ఉన్నా పూర్తి ఫ్రేము వచ్చినప్పుడు ఒక్కసారిగా ఉరుకుతుంది కాబట్టి కెమెరాను పోలీస్ చేయొద్దు.

బయటికి వెళ్లేటప్పుడు: క్యూలు

అసలు లాభం ఇక్కడుంది. మార్కు పెట్టడం ఒక గుర్తు మాత్రమే, దాన్ని చూసి దారి ఇచ్చేది బయటి పోర్టులోని క్యూ. 9300లో ఒక్కో పోర్టుకు గరిష్ఠంగా 8 క్యూలు. పాలసీ ఏదీ పెట్టకపోతే రెండే వాడుతుంది.

క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఎనీ క్యూ-మాట
 మ్యాచ్ డీఎస్‌సీపీ ఈఎఫ్
క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఎనీ క్యూ-కంట్రోల్
 మ్యాచ్ డీఎస్‌సీపీ సీఎస్2 సీఎస్3 సీఎస్6
క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఎనీ క్యూ-మీటింగ్
 మ్యాచ్ డీఎస్‌సీపీ ఏఎఫ్41 ఏఎఫ్21
క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఎనీ క్యూ-కెమెరా
 మ్యాచ్ డీఎస్‌సీపీ సీఎస్5
క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఎనీ క్యూ-బ్యాకప్
 మ్యాచ్ డీఎస్‌సీపీ ఏఎఫ్11 సీఎస్1

పాలసీ-మ్యాప్ అవుట్-క్యూలు
 క్లాస్ క్యూ-మాట
  ప్రయారిటీ లెవెల్ 1 పర్సెంట్ 10
  క్యూ-బఫర్స్ రేషియో 5
 క్లాస్ క్యూ-కంట్రోల్
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 10
  క్యూ-బఫర్స్ రేషియో 10
 క్లాస్ క్యూ-మీటింగ్
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 25
  క్యూ-బఫర్స్ రేషియో 15
 క్లాస్ క్యూ-కెమెరా
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 25
  క్యూ-బఫర్స్ రేషియో 20
 క్లాస్ క్యూ-బ్యాకప్
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 5
  క్యూ-బఫర్స్ రేషియో 10
 క్లాస్ క్లాస్-డిఫాల్ట్
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 35
  క్యూ-బఫర్స్ రేషియో 40

ఈ అంకెల వెనక ఉన్న ఆలోచన చెబుతాం, మీ భవనానికి మీరే మార్చుకోవచ్చు. 1 జీబీపీఎస్ అప్‌లింక్‌లో మాటకు 10 శాతం అంటే 100 ఎంబీపీఎస్. మనకు అవసరం 2.7, కాబట్టి బోలెడు ఖాళీ. ఆ ఖాళీ వృథా పోదు, మాట వాడుకోనిది మిగతావాటికి దొరుకుతుంది. అయినా ప్రయారిటీని 33 శాతం దాటించొద్దు. ప్రయారిటీ క్యూలో ఏదైనా ఉన్నంతసేపూ స్విచ్ మిగతా క్యూల వైపు చూడదు. అందుకే కెమెరాలనూ, వీడియోనూ ప్రయారిటీలో పెట్టాలన్న కోరికను చంపుకోవాలి. అందరూ వీఐపీలైతే వీఐపీ లైను ఉండదు.

మిగిలిన 900లో కెమెరాలకు 25 శాతం, అంటే 225 ఎంబీపీఎస్ ఖాయం. వాటి అవసరం 160. బ్యాకప్‌కు 5 శాతం, 45 ఎంబీపీఎస్. ఇవన్నీ కనీస హామీలు, పరిమితులు కావు. రాత్రి ఎవరూ లేనప్పుడు బ్యాకప్ దాదాపు లింకంతా తీసుకుంటుంది. బ్యాండ్‌విడ్త్ పర్సెంట్, బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ రెంటినీ ఒకే పాలసీలో కలపొద్దు, స్విచ్ ఒప్పుకోదు.

బఫర్ విషయానికొస్తే, మాటకు 5 చాలు. మాట ప్యాకెట్ క్యూలో నిలబడి ఆలస్యంగా వెళ్లడం కంటే పడిపోవడమే నయం. క్లాస్-డిఫాల్ట్‌కు 40 ఇచ్చాం, ఎందుకంటే వెబ్, ఫైళ్లు, మెయిల్ అన్నీ అక్కడే, మైక్రోబర్స్ట్‌లు కూడా ఎక్కువగా అక్కడే. మొత్తం 100 దాటకూడదు. ఇన్ని చేసినా మైక్రోబర్స్ట్ డ్రాప్‌లు ఆగకపోతే గ్లోబల్‌గా క్యూఓఎస్ క్యూ-సాఫ్ట్‌మ్యాక్స్-మల్టిప్లయర్ 1200 ఇవ్వండి. మామూలు విలువ 100. ఒక పోర్టు అవసరమైనప్పుడు ఉమ్మడి బఫర్‌లోంచి ఇంకా ఎక్కువ తీసుకోవడానికి ఇది దారి తెరుస్తుంది.

పోర్టులకు తగిలించడం

రిమోట్‌గా పని చేస్తుంటే ముందు కాన్ఫిగరేషన్ సేవ్ చేసి రీలోడ్ ఇన్ 15 కొట్టండి. సేవ్ చేయాలా అని స్విచ్ మళ్లీ అడిగితే వద్దనండి. మీ మార్పు వల్ల లింకు తెగిపోయినా పావుగంటలో స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ మరిచిపోకండి. ఇది పని వేళల్లో చేసే పని కాదు, స్టాక్ మొత్తం తిరిగి లేవడానికి చాలా నిమిషాలు పడుతుంది.

ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్నెట్ 1/0/1 - 30
 సర్వీస్-పాలసీ ఇన్‌పుట్ ఇన్-డెస్క్
 సర్వీస్-పాలసీ అవుట్‌పుట్ అవుట్-క్యూలు

అప్‌లింక్‌కు సర్వీస్-పాలసీ అవుట్‌పుట్ అవుట్-క్యూలు మాత్రమే. అవతలి స్విచ్ మనదే కాబట్టి దాని మార్కులను నమ్ముతాం. కానీ అవతలి స్విచ్‌లోనూ ఇదే అవుట్‌పుట్ పాలసీ ఉండాలి. ట్రాఫిక్ రెండువైపులా నడుస్తుంది. ఒకవైపే పెడితే మన మాట వాళ్లకు స్పష్టంగా, వాళ్ల మాట మనకు ముక్కలుగా వినిపిస్తుంది. అప్‌లింక్ ఈథర్‌చానల్ (కొన్ని లింకులను కలిపి ఒకటిగా వాడటం) అయితే క్యూల పాలసీని పోర్ట్-చానల్ మీద కాకుండా అందులోని ఒక్కో భౌతిక పోర్టు మీద పెట్టండి.

ఫ్లో కంట్రోల్ కూడా చూడండి. అవతలి పరికరం పంపే పాజ్ ఫ్రేమును (‘కాసేపు ఆగు’ అనే సందేశం) స్విచ్ గౌరవిస్తే అన్ని క్యూలూ ఒక్కసారిగా ఆగుతాయి, ప్రయారిటీతో సహా. ఫ్లోకంట్రోల్ రిసీవ్ ఆఫ్ అని పెట్టండి.

యాక్సెస్ పాయింట్లున్న పోర్టుల్లో ఇంకో మెలిక. చాలా వైఫై పరికరాలు డీఎస్‌సీపీలోని పై మూడు బిట్లనే తీసుకుని గాలిలో ప్రాధాన్యం నిర్ణయిస్తాయి. 46 బైనరీ (0, 1 మాత్రమే ఉండే) లెక్కలో 101110. పై మూడు బిట్లు 101, అంటే 5. వైఫైలో 5 వీడియో క్యూకు చెందుతుంది, మాటకు కావాల్సింది 6. స్విచ్ ఎంత బాగా దారి ఇచ్చినా చివరి అంగలో మాట వీడియోతో కలిసిపోతుంది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 ఈఎఫ్‌ను 6కే మ్యాప్ చేయమంటుంది. వైఫై కంట్రోలర్‌లో ఆ మ్యాపు చూసి సరిచేయండి.

ఇంటర్నెట్ లింకు: స్విచ్‌కు కనబడని రద్దీ

రూటర్‌కు వెళ్లే పోర్టు 1 జీబీపీఎస్, ప్లాన్ 200 ఎంబీపీఎస్. మన స్విచ్ దృష్టిలో ఆ పోర్టు ఎప్పుడూ ఐదో వంతే నిండుతుంది, కాబట్టి క్యూ ఏర్పడదు, పాలసీ నిద్రపోతుంది. క్యూ ఏర్పడేది సర్వీస్ ప్రొవైడర్ పెట్టెలో, అక్కడ మన మార్కులకు విలువ లేదు. దీన్ని పట్టుకోవడం తేలిక: ఖాళీగా ఉన్నప్పుడు ఒక పింగ్, పెద్ద అప్‌లోడ్ నడుస్తుండగా ఇంకో పింగ్. 8 మిల్లీసెకన్లున్నది 300 అయితే క్యూ మన చేతిలో లేదని అర్థం.

మందు ఒకటే. ప్లాన్ కంటే కొంచెం తక్కువకు మనమే షేప్ చేసి (మిగులును పడేయకుండా ఆపి, నిర్ణయించిన వేగంతో పంపి), క్యూను మన స్విచ్‌లోకి లాక్కోవాలి.

పాలసీ-మ్యాప్ అవుట్-నెట్
 క్లాస్ క్లాస్-డిఫాల్ట్
  షేప్ యావరేజ్ 190000000
  సర్వీస్-పాలసీ అవుట్-క్యూలు

అంటే ప్లాన్‌లో 95 శాతం. ఆ 5 శాతం వదులుకోవడం బాధనిపిస్తుంది కానీ అది లేకుండా అప్‌లోడ్ వైపు క్యూఓఎస్ లేనే లేదు. రూటర్ మనదే అయి, అందులో షేపింగ్ సౌకర్యం ఉంటే అక్కడ పెట్టడం ఇంకా మంచిది.

డౌన్‌లోడ్ రద్దీని మన వైపునుంచి పూర్తిగా అదుపు చేయలేం, ప్యాకెట్ మన దగ్గరికి వచ్చేసరికే ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. ఇంటర్నెట్ దాటి వచ్చిన మార్కులు నమ్మదగ్గవి కావు, ఎక్కువసార్లు దారిలోనే 0 అయిపోతాయి. రూటర్ పోర్టు ఇన్‌పుట్ పాలసీలో టీమ్స్ నుంచి వచ్చే సోర్స్ యూడీపీ 3478 నుంచి 3481 కు ఏఎఫ్41 పెట్టి, మిగతాదంతా డిఫాల్ట్ చేయండి. భవనం లోపల వైఫై దాకా దానికి సరైన చోటు దొరుకుతుంది.

పనిచేస్తోందా, ఎలా తెలుస్తుంది

షో పాలసీ-మ్యాప్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 1/0/5

ఆ టేబుల్ నుంచి ఒక కాల్ చేయండి. ఇన్-ఫోన్ కౌంటరు పెరగాలి. పెరగకుండా క్లాస్-డిఫాల్ట్ పెరిగితే ఫోన్ వాయిస్ వీల్యాన్‌లో లేదు, లేదా 46 పెట్టడంలేదు. క్యూల వారీగా డ్రాప్‌లకు ఇది:

షో ప్లాట్‌ఫామ్ హార్డ్‌వేర్ ఫెడ్ స్విచ్ 1 క్యూఓఎస్ క్యూ స్టాట్స్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 1/0/5

రెండో స్విచ్‌లోని పోర్టు కోసం స్విచ్ 2 అని ఇవ్వాలి. యాక్టివ్ అని ఇచ్చి మరో సభ్యుడి పోర్టు వెతికితే సరైన అంకెలు రావు.

కాల్స్ కోసం ఎదురుచూడకుండా పరీక్షించాలంటే ఐపెర్ఫ్3 (పరీక్ష కోసం ట్రాఫిక్ పంపే టూల్) చాలు. లినక్స్ కంప్యూటర్‌లో ఐపెర్ఫ్3కు హైఫన్ పెద్ద ఎస్ 184 అని ఇస్తే ఈఎఫ్ మార్కుతో పంపుతుంది. 184 ఎందుకంటే ఆ ఆప్షన్ మొత్తం 8 బిట్ల బైటును అడుగుతుంది, 46 ను 4 తో హెచ్చిస్తే 184. పింగ్‌కు హైఫన్ పెద్ద క్యూ 184 కూడా అంతే. 46 అని ఇస్తే వేరే విలువ వెళ్లి, పాలసీలో లేని తప్పు కోసం గంటలు వెతుకుతారు. విండోస్ పింగ్‌లో ఉండే హైఫన్ చిన్న వీ ఆప్షన్‌కు ఇప్పుడు ప్రభావం లేదు, దాన్ని నమ్మొద్దు.

మొదటి పరీక్ష డెస్క్ పోర్టు నుంచి చేయండి: 46 మార్కుతో పంపిన ఐపెర్ఫ్ ట్రాఫిక్ అవతల 0 గా చేరాలి, ఎందుకంటే ఆ కంప్యూటర్ ఫోన్ సబ్‌నెట్‌లో లేదు. అవతలి యంత్రంలో వైర్‌షార్క్ (ప్యాకెట్లను తెరిచి చూపే టూల్) పెట్టి చూడండి. పంపే యంత్రంలో చూస్తే స్విచ్ ముట్టుకోకముందు మార్కే కనిపిస్తుంది, దానివల్ల ఏమీ తేలదు. రెండో పరీక్షలో బ్యాకప్ సర్వర్‌కు అప్‌లింక్ నిండేలా పంపుతూ, ఒక ఫోన్ నుంచి అవతలి భవనానికి కాల్ చేయండి. క్యూ-బ్యాకప్‌లో డ్రాప్‌లు పెరగాలి, క్యూ-మాటలో సున్నా ఉండాలి. బ్యాకప్‌లో డ్రాప్‌లు చూసి ఎవరైనా తప్పు జరిగిందనుకోవచ్చు. మనం అడిగిందే అది. టీసీపీ వాటిని చూసి వేగం తగ్గించుకుంటుంది, ఫైలు మాత్రం చెక్కుచెదరకుండా చేరుతుంది.

క్యూ-మాటలో డ్రాప్‌లు వస్తే ముందు ఆ క్యూలోకి ఇంకెవరు దూరుతున్నారో చూడండి. సాధారణంగా ఏదో ఒక పోర్టుకు ఇన్-డెస్క్ తగిలించడం మరిచిపోయి ఉంటారు. శాతం పెంచడం ఆఖరి మాట.

ఆటో క్యూఓఎస్ వాడినవాళ్లకు ఒక్క మాట. ఆటో క్యూఓఎస్ వీఓఐపీ సిస్కో-ఫోన్ అనే ఒక్క ఆదేశంతో ఇలాంటి పాలసీ మొత్తం తయారవుతుంది, చిన్న ఆఫీసుకు బాగానే సరిపోతుంది. కానీ అది రాసిన పాలసీల్లో చెయ్యి పెట్టి మార్చొద్దు. మార్పులు కావాలంటే వేరే పేరుతో సొంత పాలసీ రాసుకుని, పోర్టు మీద నో ఆటో క్యూఓఎస్ ఇచ్చి పాతది తీసేశాక దీన్ని తగిలించండి. కొత్త ఫోన్లు, కెమెరాలు వచ్చిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేసి, కౌంటర్లను క్లియర్ కౌంటర్స్‌తో సున్నా చేసి, పని ఎక్కువగా ఉండే రోజు సాయంత్రం ఒకసారి డ్రాప్‌లు చూసుకోండి.